నెట్‌వర్క్ ఫైల్ సర్వర్ పనితీరు: లోప నిర్ధారణ, మెరుగుదల

విషయక్రమం
14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 ఒక ఫైల్ అభ్యర్థన ప్రయాణించే దారి
14.3 పనితీరును కొలిచే రెండు రాశులు
14.4 లోప నిర్ధారణ క్రమం
14.5 ఉదాహరణ: ఒక కళాశాల ప్రయోగశాల
14.6 మెరుగుపరిచే పద్ధతులు
14.7 వేగమా, భద్రతా?
14.8 సారాంశం
14.9 కీలక పదాలు
14.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
14.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఫైల్ సర్వర్‌కు వెళ్ళే అభ్యర్థన ఏయే దశలను దాటుతుందో చెప్పగలుగుతారు.
• జాప్యానికీ, ప్రవాహ రేటుకూ గల తేడాను వివరించగలుగుతారు.
• సర్వర్ నెమ్మదించినప్పుడు కారణాన్ని ఒక క్రమంలో వెతికి పట్టుకోగలుగుతారు.
• చేయదలచిన మార్పు వల్ల ఎంత ప్రయోజనం ఉంటుందో ముందే లెక్క కట్టగలుగుతారు.
• వేగం కోసం డేటా భద్రతను వదులుకోవడం ఎందుకు ప్రమాదమో వివరించగలుగుతారు.

14.1 పరిచయం

కంప్యూటర్ నెట్‌వర్క్‌ల గురించీ, ఆపరేటింగ్ సిస్టంలో ఫైళ్ళ నిర్వహణ గురించీ గత భాగాలలో తెలుసుకున్నారు. ఈ రెండూ కలిసే చోటు నెట్‌వర్క్ ఫైల్ సర్వర్. ఒక కార్యాలయంలోనో, కళాశాలలోనో అందరి ఫైళ్ళూ ఒకే యంత్రంలో ఉంటాయి. మిగిలిన కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా వాటిని తమ సొంత డిస్క్‌లోని ఫైళ్ళలాగే వాడుకుంటాయి.

యునిక్స్, లినక్స్ యంత్రాలలో ఇందుకు ఎక్కువగా వాడే ప్రోటోకాల్ ఎన్‌ఎఫ్‌ఎస్. దీనిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. మూడో రూపాంతరం నిర్దేశం 1995లోనూ, నాలుగోది 2000లోనూ వెలువడ్డాయి. విండోస్ యంత్రాలు ఎస్ఎంబి అనే ప్రోటోకాల్‌ను వాడతాయి. ఈ భాగంలో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. కారణాన్ని వెతికే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

ఫైళ్ళన్నీ ఒకే చోట ఉంటే బ్యాకప్ తీయడం సులభం. కాని ఆ ఒక్క యంత్రం నెమ్మదిస్తే అందరి పనీ నెమ్మదిస్తుంది. అప్పుడు సాధారణంగా వినిపించే సలహాలు "ర్యామ్ పెంచండి", "స్విచ్ మార్చండి", "కొత్త సర్వర్ కొనండి" అన్నవి. రోగం తెలియకుండా మందు వేయడం వంటిదే ఇది. డబ్బు ఖర్చవుతుంది, ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది. కొలిచి, కారణం తేల్చుకొని, ఆ తరవాతే మార్చాలన్నది ఈ భాగంలో మనం నేర్చుకునే ప్రధాన సూత్రం.

14.2 ఒక ఫైల్ అభ్యర్థన ప్రయాణించే దారి

ఒక విద్యార్థి తన కంప్యూటర్‌లో ఒక ఫైల్‌ను తెరిచాడనుకుందాం. ఆ అభ్యర్థన కింది దశలను దాటాలి.

1. క్లయింట్ మొదట తన సొంత మెమరీలో ఆ ఫైల్ నకలు ఉన్నదేమో చూస్తుంది. ఉంటే, అది ఇంకా చెల్లుతుందో లేదో సర్వర్‌ను అడిగి నిర్ధారించుకుంటుంది.
2. నకలు లేకపోతే అభ్యర్థన నెట్‌వర్క్ కార్డు, కేబుల్, స్విచ్ మీదుగా సర్వర్‌కు చేరుతుంది.
3. సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ సేవలు అందించే థ్రెడ్లు కొన్ని ఉంటాయి. ఖాళీగా ఉన్న థ్రెడ్ అభ్యర్థనను తీసుకుంటుంది. ఏదీ ఖాళీ లేకపోతే అభ్యర్థన వరసలో నిలబడుతుంది.
4. థ్రెడ్ ముందుగా సర్వర్ మెమరీలోని కాష్‌లో వెతుకుతుంది. అక్కడ దొరికితే డిస్క్‌తో పని లేదు.
5. దొరకకపోతే డిస్క్ నుంచి చదవాలి. ఇక్కడ మరో వరస ఉంటుంది.
6. ప్రత్యుత్తరం వచ్చిన దారినే తిరిగి క్లయింట్‌కు చేరుతుంది.

ఈ దశలన్నింటిలో అతి నెమ్మదిగా సాగేదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. దానిని ఇరుకు స్థానం అంటారు. వెడల్పైన రోడ్డు మీద ఒక చోట ఒంటి వరస వంతెన ఉంటే, మిగిలిన రోడ్డును ఎంత వెడల్పు చేసినా వాహనాలు వంతెన దగ్గర ఆగక తప్పదు. ఫైల్ సర్వర్ విషయంలోనూ అంతే.

14.3 పనితీరును కొలిచే రెండు రాశులు

"సర్వర్ నెమ్మదిగా ఉంది" అనే మాటలో రెండు వేరు వేరు అర్థాలు ఉండవచ్చు.

జాప్యం: ఒక అభ్యర్థన పంపినప్పటి నుంచి ప్రత్యుత్తరం వచ్చేదాకా పట్టే సమయం. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు.

ప్రవాహ రేటు: ఒక సెకనులో ఎంత డేటా, లేదా ఎన్ని అభ్యర్థనలు పూర్తవుతున్నాయి అనేది.

ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగుండాలని లేదు. ఒక డైరెక్టరీలో 2,000 ఫైళ్ళు ఉన్నాయనుకుందాం. వాటి వివరాలను ఒక ప్రోగ్రాం ఒకదాని తరవాత ఒకటిగా అడుగుతోంది. ఒకే భవనంలో ఉన్న సర్వర్‌కు ఒక్కో అభ్యర్థనకు 0.5 మిల్లీసెకన్లు పడితే మొత్తం పని 1 సెకనులో ముగుస్తుంది. అదే సర్వర్ వేరే నగరంలో ఉండి ఒక్కో అభ్యర్థనకు 40 మిల్లీసెకన్లు పడితే అదే పనికి 80 సెకన్లు కావాలి. ఇక్కడ కదిలే డేటా చాలా తక్కువ. కాబట్టి లైను సామర్థ్యాన్ని పదింతలు చేసినా ఫలితం ఉండదు.

డిస్క్ విషయంలోనూ ఈ తేడా ముఖ్యం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టార్ హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ సరైన ట్రాక్ చేరడానికి మరో 8 మిల్లీసెకన్లు అనుకుంటే మొత్తం 12 మిల్లీసెకన్లు అవుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను చదివేటప్పుడు ఆ డిస్క్ సెకనుకు దాదాపు 80 అభ్యర్థనలను మాత్రమే తీర్చగలదు. ఒక్కో ముక్క 16 కిలోబైట్లయితే అది సెకనుకు 1.3 మెగాబైట్లు మాత్రమే. ఒకే పెద్ద ఫైల్‌ను వరసగా చదివితే అదే డిస్క్ సెకనుకు 100 మెగాబైట్లకు పైగా ఇవ్వగలదు. డిస్క్ మారలేదు, పని స్వభావం మారింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను 14.10లో ఇచ్చిన సమాధానాలతో పోల్చుకోండి.
అ) ఇరుకు స్థానం అంటే ఏమిటి?
ఆ) వేరే నగరంలోని సర్వర్ నుంచి 3,000 చిన్న ఫైళ్ళ వివరాలను ఒకదాని తరవాత ఒకటిగా తెచ్చుకోవాలి. ఒక్కో అభ్యర్థనకు 30 మిల్లీసెకన్లు పడితే మొత్తం ఎంత సమయం పడుతుంది?

14.4 లోప నిర్ధారణ క్రమం

14.4.1 ఫిర్యాదును కొలతగా మార్చడం

మొదట వాడుకరులను ఈ ప్రశ్నలు అడగాలి. ఏ పని నెమ్మదిగా ఉంది: ఫైల్ తెరవడమా, దాచడమా, డైరెక్టరీ చూడడమా? ఎప్పుడు: రోజంతానా, కొన్ని గంటల్లోనా? ఎవరికి: అందరికా, ఒక గదిలోని వారికా, ఒక్కరికేనా? ఎప్పటి నుంచి? అప్పుడు ఏం మారింది?

ఒక్క కంప్యూటర్‌కే సమస్య ఉంటే సర్వర్‌ను అనుమానించనక్కరలేదు. ఒక గది అంతటికీ ఉంటే ఆ గది స్విచ్‌ను, దాని కేబుల్‌ను చూడాలి. అందరికీ ఉంటే సర్వర్ వైపు వెళ్ళాలి. ఆ తరవాత నెమ్మదిగా ఉన్న పనిని గడియారం పెట్టి కొలిచి రాసుకోవాలి. ఈ మొదటి అంకె లేకపోతే, మార్పు చేశాక మెరుగుపడిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

14.4.2 నెట్‌వర్క్ పరిశీలన

పింగ్ ఆదేశంతో క్లయింట్, సర్వర్‌ల మధ్య జాప్యాన్ని కొలవాలి. ఒకే భవనంలో తీగ ద్వారా కలిసిన యంత్రాల మధ్య అది సాధారణంగా 1 మిల్లీసెకనుకు లోపే ఉంటుంది. తరవాత ఐపెర్ఫ్ అనే సాధనంతో ప్రవాహ రేటు చూడాలి. గిగాబిట్ లైను మీద టీసీపీ ద్వారా సెకనుకు సుమారు 940 మెగాబిట్లు రావాలి. 94 మెగాబిట్ల దగ్గర ఆగితే లైను 100 మెగాబిట్ల వేగానికి దిగిపోయిందని అర్థం. గిగాబిట్ ఈథర్నెట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఒక జత తెగినా, కనెక్టర్ సరిగా బిగించకపోయినా చాలాసార్లు ఇలా జరుగుతుంది. ఈథ్‌టూల్ ఆదేశం లైను వేగాన్నీ, డ్యూప్లెక్స్ స్థితినీ, లోపాల లెక్కనూ చూపుతుంది.

14.4.3 క్లయింట్ పరిశీలన

ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ ఆదేశం క్లయింట్ ఏయే రకాల అభ్యర్థనలను ఎన్నెన్ని పంపిందో చెబుతుంది. చదవడం, రాయడం కంటే ఫైల్ లక్షణాలను అడిగే అభ్యర్థనలే ఎక్కువగా ఉంటే, సమస్య డేటా పరిమాణంలో కాక అభ్యర్థనల సంఖ్యలో ఉన్నదని గ్రహించాలి. తిరిగి పంపిన అభ్యర్థనల సంఖ్యను కూడా ఇదే ఆదేశం చూపుతుంది. లినక్స్‌లో టీసీపీ మీద క్లయింట్ సహజంగా 60 సెకన్లు ఆగిన తరవాతే అభ్యర్థనను తిరిగి పంపుతుంది. కాబట్టి ఈ సంఖ్య పెరుగుతూ ఉండడం తీవ్రమైన హెచ్చరిక.

ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్ మరింత ఉపయోగకరం. ఇది రెండు సగటు కాలాలను ఇస్తుంది. మొదటిది, అభ్యర్థన క్లయింట్‌ను వీడి ప్రత్యుత్తరం వచ్చేదాకా పట్టిన రాకపోకల కాలం. రెండోది, క్లయింట్‌లో వరసలో ఆగిన సమయాన్ని కూడా కలుపుకున్న మొత్తం కాలం. వీటిని పింగ్ కాలంతో పోల్చి ఇలా నిర్ణయించవచ్చు.

• పింగ్ కాలం ఎక్కువ: లోపం నెట్‌వర్క్‌లో ఉంది.
• పింగ్ తక్కువ, రాకపోకల కాలం ఎక్కువ: చాలావరకు సర్వర్ ఆలస్యం చేస్తోంది.
• రాకపోకల కాలం తక్కువ, మొత్తం కాలం ఎక్కువ: అభ్యర్థనలు క్లయింట్‌లోనే ఆగుతున్నాయి.

14.4.4 సర్వర్ పరిశీలన

సర్వర్‌లో ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లను వరసగా చూడాలి. వీఎమ్‌స్టాట్ ఆదేశంలో ప్రాసెసర్ ఖాళీగా ఉన్న శాతం, డిస్క్ కోసం ఎదురుచూసిన శాతం కనిపిస్తాయి. మెమరీ చాలక స్వాప్ జరుగుతుంటే అదీ తెలుస్తుంది. లినక్స్‌లో ఖాళీ మెమరీ తక్కువగా కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. మిగిలిన మెమరీని వ్యవస్థ ఫైళ్ళ కాష్‌గా వాడుకుంటుంది. ఫైల్ సర్వర్‌లో అది మంచి లక్షణమే.

ఐఓస్టాట్ ఆదేశంలో సెకనుకు ఎన్ని అభ్యర్థనలు డిస్క్‌కు చేరుతున్నాయి, ఒక్కొక్కటి సగటున ఎంతసేపు ఆగుతోంది, వరస పొడవు ఎంత అన్నవి చూడాలి. ఒకే హార్డ్ డిస్క్ సెకనుకు 80 అభ్యర్థనల దగ్గర నిలిచిపోయి, ఎదురుచూపు కాలం పెరుగుతూ పోతుంటే డిస్క్ తన హద్దుకు చేరిందని చెప్పవచ్చు.

14.5 ఉదాహరణ: ఒక కళాశాల ప్రయోగశాల

ఇప్పుడు ఈ క్రమాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణకు అన్వయిద్దాం. ఒక ప్రయోగశాలలో 40 కంప్యూటర్లు ఉన్నాయి. విద్యార్థుల ఫైళ్ళన్నీ ఒక సర్వర్‌లో ఉన్నాయి. దానిలో ఒకదానికొకటి నకలుగా ఉండే రెండు హార్డ్ డిస్క్‌లు, గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్లు 8. ఉదయం 10 గంటలకు అందరూ ఒకేసారి లాగిన్ అయితే తెర సిద్ధం కావడానికి రెండు నిమిషాలకు పైగా పడుతోంది. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఆ సమయం విద్యార్థుల పరీక్ష సమయం నుంచే పోతుంది.

కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. పింగ్ కాలం 0.3 మిల్లీసెకన్లు. క్లయింట్‌లో రాకపోకల కాలం 250 మిల్లీసెకన్లు. ఒక్కో లాగిన్‌కు 500 చిన్న అభ్యర్థనలు, ఒక్కొక్కటి 16 కిలోబైట్లు.

లెక్క చూద్దాం. మొత్తం అభ్యర్థనలు 40 × 500 = 20,000. మొత్తం డేటా సుమారు 320 మెగాబైట్లు. గిగాబిట్ లైను సెకనుకు 110 మెగాబైట్లు మోయగలదనుకుంటే నెట్‌వర్క్‌కు కావలసినది దాదాపు 3 సెకన్లు. రెండు డిస్క్‌లూ కలిసి సెకనుకు 160 చిన్న అభ్యర్థనలను చదవగలవు. కాబట్టి డిస్క్‌లకు కావలసినది 20,000 ÷ 160 = 125 సెకన్లు. కారణం తేలిపోయింది. నెట్‌వర్క్ కార్డును పదింతల వేగం గలదానితో మార్చినా తగ్గేది ఆ 3 సెకన్లలోనే.

థ్రెడ్లను 8 నుంచి 64కు పెంచితే? 40 క్లయింట్లు తలా ఒక అభ్యర్థనతో వేచి ఉన్నాయి. సెకనుకు 160 తీరుతున్నాయి. కనుక ఒక్కో అభ్యర్థన 40 ÷ 160 = 0.25 సెకన్లు, అంటే 250 మిల్లీసెకన్లు ఆగుతుంది. 8 థ్రెడ్లు ఉన్నప్పుడు 8 అభ్యర్థనలే డిస్క్ దాకా వెళ్తాయి, మిగిలిన 32 థ్రెడ్ కోసం ఆగుతాయి. డిస్క్ దగ్గర ఎదురుచూపు 50 మిల్లీసెకన్లే కనిపిస్తుంది. 64 థ్రెడ్లు ఇస్తే 40 అభ్యర్థనలూ డిస్క్ ముందే నిలబడతాయి. అక్కడి అంకె 250కి పెరుగుతుంది. విద్యార్థికి మాత్రం దాదాపు ఏ తేడా ఉండదు. వరస ఒక చోటి నుంచి మరో చోటికి మారింది, అంతే. ఇందువల్ల సర్వర్ అంకెలతో సరిపెట్టుకోకుండా క్లయింట్ వైపు కూడా కొలవాలి.

మరొక ఆధారం కూడా ఉంది. అదే విద్యార్థి అదే రోజు మళ్ళీ లాగిన్ అయితే వెంటనే తెర వస్తోంది. అంటే రెండోసారి ఫైళ్ళు సర్వర్ మెమరీ నుంచే వస్తున్నాయి. సర్వర్‌ను రోజూ సాయంత్రం ఆపివేస్తున్నారని విచారిస్తే తెలిసింది. ఆపిన ప్రతిసారీ కాష్ ఖాళీ అవుతుంది, మర్నాడు మళ్ళీ అన్నీ డిస్క్ నుంచే రావాలి. తగినంత మెమరీ ఉంటే సర్వర్‌ను ఆపకుండా ఉంచడమే ఖర్చు లేని మొదటి చికిత్స. అది చాలకపోతే ఆ ఫైళ్ళను ఎస్ఎస్‌డి మీదికి మార్చాలి. ఎస్ఎస్‌డి సెకనుకు 10,000 చిన్న అభ్యర్థనలు తీరిస్తే డిస్క్ పని 2 సెకన్లలో ముగుస్తుంది. అప్పుడు 3 సెకన్లు పట్టే నెట్‌వర్క్ కొత్త ఇరుకు స్థానం అవుతుంది. ఒక ఇరుకును తొలగిస్తే మరొకటి పైకి వస్తుంది. ఫిర్యాదు తీరిన చోట ఆగడం వివేకం.

14.6 మెరుగుపరిచే పద్ధతులు

కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది.

అ) చదివే పని ఎక్కువైతే: సర్వర్ మెమరీ పెంచితే కాష్ పెద్దదవుతుంది. మళ్ళీ మళ్ళీ చదివే ఫైళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. ఒక్కసారే చదివే ఫైళ్ళకు ప్రయోజనం స్వల్పం.

ఆ) లక్షణాలను అడిగే అభ్యర్థనలు ఎక్కువైతే: లినక్స్ క్లయింట్ ఫైల్ లక్షణాలను సహజంగా 3 నుంచి 60 సెకన్ల వరకు గుర్తుంచుకుంటుంది. అరుదుగా మారే సాఫ్ట్‌వేర్ డైరెక్టరీలకు ఈ కాలాన్ని పెంచవచ్చు. పలువురు కలిసి మార్చే ఫైళ్ళకు పెంచకూడదు. అలా చేస్తే ఒకరు చేసిన మార్పు మరొకరికి ఆలస్యంగా కనిపిస్తుంది.

ఇ) పెద్ద ఫైళ్ళ విషయంలో: ఒక్కో అభ్యర్థనలో మోసే డేటా పరిమాణం చిన్నదిగా పెట్టి ఉన్నదేమో చూడాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో రూపాంతరంలో దాని గరిష్ఠ పరిమితి 8 కిలోబైట్లు. నేటి లినక్స్ యంత్రాలు 1 మెగాబైట్ వరకు అనుమతిస్తాయి. పాత అమరికను అలాగే నకలు చేసిన చోట్ల చిన్న విలువలు మిగిలిపోయి ఉండవచ్చు.

ఈ) థ్రెడ్లు చాలకపోతే: ప్రాసెసర్, డిస్క్ రెండూ తీరికగా ఉండి అభ్యర్థనలు వరసలో ఆగుతుంటేనే థ్రెడ్లను పెంచడం వల్ల మేలు.

ఉ) రాసే పని ఎక్కువైతే: డిస్క్‌ల అమరికను పరిశీలించాలి. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు రెండు చదువులు, రెండు రాతలు, మొత్తం నాలుగు డిస్క్ పనులు అవసరం. రెయిడ్ 10లో రెండు చాలు. సెకనుకు 80 పనులు చేసే నాలుగు డిస్క్‌లతో రెయిడ్ 5 సుమారు 80 చిన్న రాతలను, రెయిడ్ 10 సుమారు 160 రాతలను చేయగలవు. అయితే రెయిడ్ 5లో మూడు డిస్క్‌ల చోటు దక్కుతుంది, రెయిడ్ 10లో రెండింటి చోటే దక్కుతుంది.

ఊ) పని వేళలను సర్దడం: బ్యాకప్, వైరస్ తనిఖీ వంటివి పని గంటల్లో నడుస్తుంటే రాత్రికి మార్చాలి. కొనవలసినది ఏదీ లేని ఈ మార్పే కొన్నిసార్లు చాలు.

ఒకసారికి ఒకే మార్పు చేయాలి. చేసి, అదే పనిని మళ్ళీ కొలవాలి. మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

14.7 వేగమా, భద్రతా?

ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌లో ఒక అమరిక ఉంది. దాన్ని మారిస్తే రాసే వేగం వెంటనే పెరుగుతుంది. దాని పేరు ఎసింక్. దీనిని వాడే ముందు అది ఏం చేస్తుందో అర్థం చేసుకోవాలి.

లినక్స్‌లో నేడు సహజంగా ఉండే అమరిక సింక్. దీనిలో డేటా డిస్క్‌కు చేరిన తరవాతే "భద్రపరిచాను" అని సర్వర్ చెబుతుంది. మూడో రూపాంతరం నుంచి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. క్లయింట్ ముందుగా డేటాను పంపుతూ పోయి, చివర ఖరారు చేయమని ఒక అభ్యర్థన పంపవచ్చు. ఖరారు అయ్యేదాకా క్లయింట్ తన దగ్గర నకలు ఉంచుకుంటుంది. ఈలోగా సర్వర్ ఆగిపోయి మళ్ళీ మొదలైతే, సర్వర్ ఇచ్చే గుర్తు సంఖ్య మారుతుంది. అది చూసి క్లయింట్ డేటాను తిరిగి పంపుతుంది. ఏదీ పోదు.

ఎసింక్‌లో సర్వర్ డేటా ఇంకా మెమరీలోనే ఉండగానే "భద్రపరిచాను" అని చెప్పేస్తుంది. క్లయింట్ నమ్మి తన నకలును వదిలేస్తుంది. ఆ క్షణంలో కరెంటు పోతే డేటా రెండు చోట్లా ఉండదు. పరీక్ష చివరి నిమిషంలో 40 మంది తమ ప్రోగ్రాంలను దాచుకున్నారనుకోండి. తెర మీద ఏ దోష సందేశమూ రాదు. సర్వర్ మళ్ళీ మొదలయ్యాకే కొందరి ఫైళ్ళు పాతవిగానో, ఖాళీగానో ఉన్నట్లు తెలుస్తుంది. విద్యార్థి దాచాననే అంటాడు, అతను చెప్పేది నిజమే. కాని చూపడానికి ఫైల్ ఉండదు.

సింక్‌లో చిన్న ఫైళ్ళను రాయడం నెమ్మదే. 5,000 చిన్న ఫైళ్ళను రాసేటప్పుడు ఒక్కోదానికి మూడుసార్లు డిస్క్ దాకా వెళ్ళి, ఒక్కోసారి 10 మిల్లీసెకన్లు పడితే మొత్తం 150 సెకన్లు కావాలి. దీనికి సరైన చికిత్స బ్యాటరీ రక్షణ గల డిస్క్ కంట్రోలర్, లేదా కరెంటు పోయినా చేతిలోని డేటాను కాపాడగల ఎస్ఎస్‌డి. వాటితో వేగమూ, భద్రతా రెండూ దక్కుతాయి. యూపీఎస్ కరెంటు కోతల నుంచి కాపాడుతుంది. కాని ఆపరేటింగ్ సిస్టం హఠాత్తుగా ఆగిపోతే అది కాపాడలేదు. మళ్ళీ తయారు చేసుకోగల తాత్కాలిక ఫైళ్ళకు మాత్రమే ఎసింక్ వాడవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) పింగ్ కాలం 0.4 మిల్లీసెకన్లు, ఎన్‌ఎఫ్‌ఎస్ రాకపోకల కాలం 180 మిల్లీసెకన్లు ఉంటే లోపం ఎక్కడ వెతకాలి?
ఆ) డిస్క్ హద్దుకు చేరినప్పుడు థ్రెడ్లను పెంచితే ఏమవుతుంది?
ఇ) ఎసింక్ అమరికలో డేటా పోయే ప్రమాదం ఎందుకు ఉంది?

14.8 సారాంశం

ఫైల్ అభ్యర్థన క్లయింట్, నెట్‌వర్క్, సర్వర్ థ్రెడ్, కాష్, డిస్క్ అనే దశల గుండా సాగుతుంది. వీటిలో అతి నెమ్మదైన దశే మొత్తం పనితీరును నిర్ణయిస్తుంది. జాప్యం, ప్రవాహ రేటు వేరు వేరు రాశులు. ఫిర్యాదును ముందు కొలతగా మార్చి, నెట్‌వర్క్, క్లయింట్, సర్వర్‌లను క్రమంగా పరిశీలించాలి. ఏ మార్పు ఎంత మేలు చేస్తుందో ముందే లెక్క వేయవచ్చు. ఒకసారికి ఒకే మార్పు చేసి మళ్ళీ కొలవాలి. డేటా భద్రతను పణంగా పెట్టి పొందే వేగాన్ని మెరుగుదలగా భావించరాదు.

14.9 కీలక పదాలు

జాప్యం: అభ్యర్థనకు, ప్రత్యుత్తరానికి మధ్య గడిచే కాలం.
ప్రవాహ రేటు: సెకనుకు పూర్తయ్యే డేటా లేదా అభ్యర్థనల పరిమాణం.
ఇరుకు స్థానం: మొత్తం వేగాన్ని పరిమితం చేసే దశ.
కాష్: తరచు వాడే డేటా నకలును దగ్గర ఉంచుకొనే మెమరీ.
సింక్, ఎసింక్: డేటా డిస్క్‌కు చేరాక, చేరక ముందే ప్రత్యుత్తరం ఇచ్చే అమరికలు.

14.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. అ) అభ్యర్థన దాటే దశలలో అతి నెమ్మదిగా సాగుతూ మొత్తం వేగాన్ని నిర్ణయించే దశ.
ఆ) 3,000 × 30 = 90,000 మిల్లీసెకన్లు, అంటే 90 సెకన్లు.
2. అ) నెట్‌వర్క్ జాప్యం స్వల్పం కాబట్టి సర్వర్‌లో వెతకాలి.
ఆ) వరస థ్రెడ్ల దగ్గర నుంచి డిస్క్ దగ్గరికి మారుతుంది. వాడుకరికి దాదాపు తేడా ఉండదు.
ఇ) డేటా డిస్క్‌కు చేరక ముందే సర్వర్ భద్రపరిచానని చెబుతుంది. క్లయింట్ తన నకలును వదిలేస్తుంది. అప్పుడు సర్వర్ ఆగిపోతే డేటా ఎక్కడా మిగలదు.

14.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెట్‌వర్క్ ఫైల్ సర్వర్‌లో లోప నిర్ధారణ క్రమాన్ని వివరించండి.
2. ఒక ప్రయోగశాలలో 60 కంప్యూటర్లు, ఒక్కో లాగిన్‌కు 400 చిన్న అభ్యర్థనలు, సెకనుకు 160 అభ్యర్థనలు చదవగల డిస్క్‌లు ఉన్నాయి. లాగిన్‌కు పట్టే సమయాన్ని లెక్కించి, తగిన చికిత్సను కారణాలతో సూచించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాప్యం, ప్రవాహ రేటుల మధ్య భేదాన్ని ఉదాహరణతో తెలపండి.
2. రెయిడ్ 5, రెయిడ్ 10 అమరికలను చిన్న రాతల దృష్టితో పోల్చండి.
3. సింక్, ఎసింక్ అమరికల గుణదోషాలను చర్చించండి.